పార దెబ్బకు జవాబుదారీ ఎవరు?

ఇల్లు కట్టే చోట కూలీకి ప్రాణగండం పరంజా మీద నుంచి జారిపడటం వల్లనో, కరెంటు తీగ తగలడం వల్లనో, పునాది గోతిలో మట్టిపెళ్ల విరిగి పడటం వల్లనో వస్తుందని అందరికీ తెలుసు గానీ, పక్కన పనిచేసే మనిషి చేతి దెబ్బ వల్ల కూడా వస్తుందన్న సంగతి పోలీసు స్టేషను గడప దాటి బయటకు రావడం అరుదు. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లో గానీ, కొల్లేటి చుట్టూ ఉన్న కైకలూరు, ఆకివీడు, నిడమర్రు, భీమడోలు ప్రాంతాల్లో గానీ, ఆ మాటకొస్తే తెలుగు నేల మీద ఎక్కడైనా, కట్టడపు పనిలో ఇద్దరు కూలీలు కొట్టుకుని ఒకరు ఆసుపత్రి పాలైతే, ఆ సంగతిని ‘తాగి కొట్టుకున్నారు’ అన్న ఒక్క మాటతో తేల్చేయడం అలవాటుగా మారింది. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, దాని వెనక చాలామంది బాధ్యత దాక్కుంటుంది; ఎందుకంటే పని కారణంగా పుట్టిన తగాదాలో తగిలిన దెబ్బను పనిలో జరిగిన ప్రమాదంగానే పరిగణించి నష్టపరిహారం ఇప్పించవచ్చునన్న సూత్రం న్యాయశాస్త్రంలో నూరేళ్లకు పైబడి స్థిరపడి ఉంది.

‘పనిచోటి హింస’ అన్నప్పుడు చేయిచేసుకోవడం ఒక్కటే అర్థం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించి, 2021 జూన్ 25 నుంచి అమలులోకి తెచ్చిన 190వ ఒడంబడిక ప్రకారం శరీరానికి, మనసుకు, లైంగికంగా, ఆర్థికంగా హాని చేసేవీ, చేస్తామని బెదిరించేవీ అన్నీ అందులోకి వస్తాయి. పని జరిగే స్థలమే కాక, కూలి ముట్టజెప్పే చోటు, తినే చోటు, యజమాని చూపించిన బస, పనికి వచ్చిపోయే దారి కూడా ఆ ఒడంబడిక పరిధిలోవే. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2022లో ఆ దేశంలో పనిచోట మరణించిన 5,486 మందిలో 524 మంది హత్యకు గురైనవారని విడిగా లెక్క తేల్చింది. మన జాతీయ నేర గణాంక సంస్థ హత్యలకు కారణాలను వర్గీకరించే పద్ధతిలో చిల్లర తగాదాలు, డబ్బు తగాదాలు, ఆస్తి తగాదాలు, పాత కక్షలు వంటి గదులున్నాయి గానీ పనిచోటి తగాదా అనే గది లేదు. అందువల్ల మేస్త్రీ ఇవ్వాల్సిన కూలి కోసం జరిగిన హత్య డబ్బు తగాదాల్లోనూ, సిమెంటు తట్ట అందించడం ఆలస్యమైందన్న మాట మీద జరిగిన హత్య చిల్లర తగాదాల్లోనూ కలిసిపోతాయి. లెక్కకు రానిదాన్ని ప్రభుత్వాలు నివారించాలనుకోవు.

ఈ ప్రాంతంలో కట్టడపు పని రెండు తీరులుగా సాగుతుంది. 2015లో మొదలైన తాడేపల్లిగూడెం ఎన్ఐటీ, 2023లో తరగతులు ప్రారంభించిన ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల, టిడ్కో ఇళ్ల సముదాయాలు, పదహారో నంబరు జాతీయ రహదారి వంటి పెద్ద పనులు ఒక తీరువి. అక్కడ కంపెనీ, దాని కింద కాంట్రాక్టరు, అతని కింద సబ్ కాంట్రాక్టరు, ఆ కింద ముఠా మేస్త్రీ, చివర కూలీ ఉంటారు, ఒడిశా, బెంగాల్, బీహార్ల నుంచి వచ్చినవారు రేకుల షెడ్లలో ఉమ్మడిగా బతుకుతారు. రెండో తీరు పట్టణాల సందుల్లో, మండల కేంద్రాల్లో లేచే సొంత ఇళ్లది. అక్కడ ఇంటి యజమాని, తాపీ మేస్త్రీ, సెంట్రింగ్ మేస్త్రీ, రాడ్ బెండింగ్ మేస్త్రీ తప్ప కాగితం మీద ఎవరూ ఉండరు, తెల్లవారుజామున అడ్డా దగ్గర నిలబడ్డవారిలో ఎవరు దొరికితే వారు ఆ రోజుకు కూలీలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కుటుంబాలతో వచ్చినవారు, 2006లో కొల్లేరు అభయారణ్యంలో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన తర్వాత బతుకుతెరువు వెతుక్కుంటూ లంక గ్రామాలు విడిచినవారు, ఈ రెండు తీరుల పనుల్లోనూ కనిపిస్తారు. ఒకరి ఊరు మరొకరికి తెలియని మనుషులు, ఒకరి భాష మరొకరికి సరిగా అందని మనుషులు, అంచు పదునెక్కిన పారలు, గడ్డపారలు, సుత్తులు, ఇనుప చువ్వలు చేతిలో పట్టుకుని పది గంటలు ఒకే చోట పనిచేసే వృత్తి ఇది. వేరే చోట చెంపదెబ్బతో పోయే కోపం ఇక్కడ పుర్రె పగలడానికి దారితీయడంలో మనుషుల క్రూరత్వం కంటే చేతిలోని పనిముట్టు పాత్రే ఎక్కువ.

తగాదాలు ఎలా పుడతాయో చూడాలంటే స్లాబు వేసే రోజును దగ్గర నుంచి గమనించాలి. సిమెంటులో నీళ్లు కలిసిన క్షణం నుంచి గడియారం తిరుగుతుంది. మామూలు సిమెంటు గట్టిపడటం మొదలు కావడానికి అరగంటకు తగ్గకుండా వ్యవధి ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది, అంటే మిల్లరు నుంచి పడిన కాంక్రీటు ఆ వ్యవధిలో పైకెక్కి, పరుచుకుని, వైబ్రేటరు కింద సర్దుకోవాలి, మధ్యలో ఆపితే అతుకు దగ్గర స్లాబు నీరు కారుతుంది. అందుకే స్లాబును రోజు కూలికి కాక గుత్తకు, అంటే మొత్తం పనికి ఇంత అని ముందే ధర మాట్లాడి ఇస్తారు. ఎంత త్వరగా ముగిస్తే ముఠాకు అంత లాభం కనుక కంకర పోసేవాడు, ఇసుక పోసేవాడు, సిమెంటు బస్తా కోసేవాడు, తట్టలందించే ఆడకూలీల వరస, పైన పరిచే తాపీవాళ్లు ఒకరి వేగం మీద ఒకరు ఆధారపడతారు. ఒకడు నీళ్లు తాగడానికి ఆగితే వరసంతా ఆగుతుంది, వరస ఆగితే పైనుంచి బూతు వినిపిస్తుంది, ఆ బూతు తిట్టినవాడి కులానికో, తిట్టించుకున్నవాడి ఊరికో, వరసలో నిలబడ్డ భార్యకో తగిలిందంటే పని ముగిసే లోపే పార పైకి లేస్తుంది. అప్పటికి లేవకపోతే సాయంత్రం లేస్తుంది, ఎందుకంటే స్లాబు పడ్డ రోజు ఇంటి యజమాని ముఠాకు కోడికూర భోజనంతో పాటు మందు కూడా ఏర్పాటు చేయడం చాలా చోట్ల ఆనవాయితీ. పగలంతా మింగిన మాటలన్నీ ఆ సీసాతో బయటపడతాయి. మర్నాడు అదే యజమాని ‘తాగి కొట్టుకున్నారండీ’ అని పోలీసులకు చెబుతాడు.

స్లాబు తర్వాత చెప్పుకోవలసిన రోజు బట్వాడా రోజు, అంటే వారం కూలి లెక్కగట్టి పంచే రోజు. కంపెనీ ఇచ్చిన డబ్బు మేస్త్రీ చేతికి వచ్చేసరికి ఎంత తగ్గిందో కూలీకి తెలియదు, ఎన్ని పూటలు రాసుకున్నారో చూపించే పుస్తకం మేస్త్రీ జేబులో ఉంటుంది, సగం పూట కోత పడిందన్న అనుమానం రాగానే ఆ కోపం అందుబాటులో లేని కంపెనీ మీదకు పోలేక ఎదురుగా ఉన్న మేస్త్రీ మీదకో, పూటలు లెక్క చెప్పిన తోటి కూలీ మీదకో పోతుంది. దీనికి ముందు అడ్వాన్సు ఉంటుంది. ఊళ్లో ఉండగానే కొంత మొత్తం ఇచ్చి మనుషుల్ని కట్టేసుకునే ఈ పద్ధతిలో పని వదిలి వెళ్లడం అప్పు ఎగవేయడంగా మారుతుంది. 2013 డిసెంబరులో ఒడిశాలోని కలహండి జిల్లాకు చెందిన ఇద్దరు వలస కూలీల కుడిచేతులను లేబర్ కాంట్రాక్టరు మనుషులు నరికివేసిన ఘటనకు మూలం మనిషికి 14,000 రూపాయల చొప్పున ముట్టజెప్పిన అడ్వాన్సే; తోటివారు తప్పించుకుపోతే మిగిలిన ఇద్దరూ ఆ మూల్యం చెల్లించారు. ఆ ఉదంతాన్ని సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది.

కోపంతో సంబంధం లేని హింస కూడా ఒకటుంది. కంప్రెసరు గొట్టాన్ని తోటి పనివాడి ఒంటికి ఆనించి గాలి వదలడం పనివాళ్ల మధ్య సరదాగా చెలామణి అవుతోంది. ఆ గాలి ఒత్తిడికి పేగులు చిట్లి మనుషులు చనిపోయిన సంఘటనలు దేశంలో పలుమార్లు జరిగాయి. ఇంగ్లండులో 1957లో ఒక న్యాయస్థానం, అలాంటి వేళాకోళాలు ఆడతాడని ముందే తెలిసిన పనివాణ్ని యజమాని అదుపు చేయకపోతే దెబ్బ తిన్నవాడికి యజమానే పరిహారం ఇవ్వాలని హడ్సన్ కేసులో తీర్పు చెప్పింది. ఆడకూలీల విషయంలో వేళాకోళం పేరుతో జరిగేది లైంగిక వేధింపు; 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటి వారు, యజమాని మీదనే ఫిర్యాదు ఉన్నవారు జిల్లా స్థాయిలో ఏర్పడే స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు.

దెబ్బ తగిలాక రెండు చట్టాలు విడివిడిగా పనిచేస్తాయి, వాటిని కలిపి చూడటమే చాలా కుటుంబాలను ముంచుతోంది. మొదటిది కొట్టినవాడిని శిక్షించే చట్టం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మామూలు గాయానికి 115వ సెక్షను కింద ఏడాది వరకు, తీవ్ర గాయానికి 117వ సెక్షను కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. తీవ్ర గాయమంటే ఏమిటో 116వ సెక్షను చెబుతుంది: కన్ను, చెవి, అవయవం పోవడం, ముఖం శాశ్వతంగా వికృతం కావడం, ఎముక గానీ పన్ను గానీ విరగడం, ప్రాణాపాయం కలగడం, లేదా పదిహేను రోజులపాటు విపరీతమైన నొప్పితో మామూలు పనులు చేసుకోలేకపోవడం, పాత శిక్షాస్మృతిలో ఈ గడువు ఇరవై రోజులు. కోసే పనిముట్టునో, ఆయుధంగా వాడితే ప్రాణం తీయగల వస్తువునో ఉపయోగించి తీవ్ర గాయం చేస్తే 118వ సెక్షను కింద యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు. పార, గడ్డపార తల మీద పడిన కేసులు ఈ కోవలోకి వస్తాయి. హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొడితే చేయి లేచిందని రుజువైతే శిక్ష తగ్గుతుంది గానీ నేరం నేరం కాకుండా పోదు. ఈ చట్టం వల్ల కొట్టినవాడు జైలుకు వెళ్తాడు. కన్ను పోయినవాడికి అన్నం మాత్రం దొరకదు, ఎందుకంటే కొట్టినవాడూ రోజుకూలీయే.

అన్నం సంగతి చూసేది రెండో చట్టం. 1923లో చేసి 1924 జూలై 1 నుంచి అమలు చేసిన కార్మిక నష్టపరిహార చట్టం 2010 నుంచి ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా పేరు మార్చుకుని, 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి రావడంతో అందులో కలిసింది. పేర్లు మారినా, పని వల్ల, పని సాగే కాలంలో జరిగిన ప్రమాదానికి యజమాని పరిహారం చెల్లించాలన్న మూలసూత్రం మారలేదు. యజమాని తప్పు ఉందా లేదా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తదు. 2000 నాటి సవరణతో రోజుకూలీలను మినహాయించే నిబంధన కూడా తొలగిపోయింది. ఇక మిగిలేది, ఒకడు కావాలని కొట్టిన దెబ్బను ‘ప్రమాదం’ అనవచ్చునా అన్న ప్రశ్న.

ఆ ప్రశ్నకు మొదటి జవాబు ఇంగ్లండు బొగ్గుగనుల ప్రాంతం నుంచి వచ్చింది. 1910లో గని కూలీలకు పంచవలసిన జీతాల డబ్బు పట్టుకుని రైల్లో వెళ్తున్న నిస్బెట్ అనే క్యాషియరును దారిలో చంపి డబ్బు దోచుకున్నారు. హత్య ప్రమాదమెలా అవుతుందని యజమాని వాదిస్తే, చంపినవాడి వైపు నుంచి చూస్తే అది ఉద్దేశపూర్వకమే అయినా చచ్చినవాడి వైపు నుంచి చూస్తే అనుకోని ఆపదేనని, డబ్బు మోసే ఉద్యోగంలో ఆ ముప్పు కలిసే ఉందని న్యాయస్థానం భావించి అతని భార్యకు పరిహారం ఇప్పించింది. నాలుగేళ్ల తర్వాత ఐర్లండులో ట్రిమ్ పాఠశాల పిల్లలు కూడబలుక్కుని ఉపాధ్యాయుణ్ని చంపిన కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇదే మార్గంలో నడిచింది. మన సుప్రీంకోర్టు 2000 ఏప్రిల్‌లో రీటాదేవి కేసులో, నాగాలాండ్ ఆటో డ్రైవరును ఆటో దొంగిలించే క్రమంలో చంపిన ఉదంతం మీద తీర్పు చెబుతూ ఒక గీత గీసింది: ఫలానా మనిషిని చంపాలన్నదే అసలు ఉద్దేశమైతే అది ఒట్టి హత్య, అసలు ఉద్దేశం వేరొకటై దాన్ని నెరవేర్చుకునే క్రమంలో ప్రాణం పోతే అది ప్రమాదవశాత్తు జరిగిన హత్య.

ఈ గీతను కట్టడపు పనికి అన్వయిస్తే విషయం తేటపడుతుంది. మిల్లరు దగ్గర వంతు కోసం, పూటల లెక్క కోసం, పరంజా కర్ర ముందు ఎవరు వాడుకోవాలన్న దాని కోసం కొట్లాట జరిగి ఒకడి తల పగిలితే, ఆ తగాదా పని లేకపోతే పుట్టేది కాదు గనుక పరిహారం అడిగే హక్కుకు బలం ఉంటుంది. ఊళ్లోని పొలం గట్టు తగాదానో, ఆడవారి విషయమో మనసులో పెట్టుకుని ఒకడు పని జరిగే చోటికే వచ్చి కొడితే, చోటు పనిచోటే అయినా కారణం పని కాదు గనుక ఆ హక్కు బలహీనపడుతుంది. తగాదా మొదలుపెట్టి తానే మొదట చేయెత్తినవాడి హక్కు కూడా అంతే. పనికీ దెబ్బకూ మధ్య సంబంధాన్ని చూపవలసిన భారం అడిగేవారి మీదే ఉంటుందని, అయితే ప్రత్యక్ష సాక్ష్యం లేకపోయినా పరిస్థితులను బట్టి ఆ సంబంధాన్ని ఊహించవచ్చునని సుప్రీంకోర్టు 1969లోనే మెకినన్ మెకెంజీ కేసులో చెప్పింది. ఓడ మీద నుంచి మాయమైన నావికుడి కుటుంబం ఆ కేసులో ఓడిపోయింది, ఎందుకంటే అతను ఎలా పోయాడో చెప్పే ఆధారం ఒక్కటీ లేదు.

తాగి ఉన్నాడన్న వాదనకు కూడా చట్టంలో హద్దు ఉంది. గాయానికి నేరుగా మద్యం మత్తే కారణమైతే యజమాని బాధ్యత తప్పుతుంది గానీ, గాయం వల్ల మరణం గానీ శాశ్వత సంపూర్ణ వైకల్యం గానీ సంభవిస్తే పాత చట్టం ఆ మినహాయింపును ఒప్పుకోలేదు. మొత్తం ఎంతో తెలిస్తే ఈ వాదన ఎందుకంత గట్టిగా వినిపిస్తుందో అర్థమవుతుంది. 2020 జనవరి 3 నుంచి నెల వేతనాన్ని 15,000 రూపాయల వరకు లెక్కలోకి తీసుకున్నారు. ముప్పై ఏళ్లవాడు చనిపోతే అందులో సగాన్ని ఆ వయసుకు నిర్ణయించిన 207.98 అనే గుణకంతో హెచ్చించగా 15,59,850 రూపాయలు వస్తాయి. అదే వయసువాడికి రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే, వైకల్యానికి లెక్క వేరు గనుక, నలభై శాతం వైకల్యం కింద 7,48,728 రూపాయలు రావాలి. పెద్దమనుషుల సమక్షంలో కుదిరే రాజీల్లో చేతిలో పడే మొత్తాలను ఈ అంకెల పక్కన పెట్టి చూసుకునే అవకాశం కూలీ కుటుంబాలకు దొరకడం లేదు.

ఎవరు చెల్లించాలన్న చోట చట్టం ఒక తీరు పనులకు గట్టిగా, మరో తీరు పనులకు మెత్తగా ఉంది. బిల్డరు గానీ కంపెనీ గానీ తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగిస్తే, కూలీ తనను పనిలో పెట్టుకున్న మేస్త్రీని వదిలి నేరుగా ఆ కంపెనీనే పరిహారం అడగవచ్చు; చెల్లించాక దాన్ని కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం కంపెనీ తంటా. సొంత ఇల్లు కట్టుకునేవాడికి ఇళ్లు కట్టడం వ్యాపారం కాదు గనుక అతని మీద ఈ బాధ్యత సులువుగా పడదు, బాధ్యత పడే మేస్త్రీకి ఇవ్వడానికి ఏమీ ఉండదు. పైగా 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం పది లక్షల రూపాయల లోపు సొంత ఇళ్లను మాత్రమే తన పరిధి నుంచి వదిలేస్తే, కొత్త వృత్తి భద్రతా కోడ్ ఆ హద్దును యాభై లక్షలకు పెంచింది; తాడేపల్లిగూడెంలోనో కైకలూరులోనో మధ్యతరగతి కుటుంబం వేసుకునే ఇల్లు చాలావరకు ఈ హద్దు కిందనే ఉంటుంది. ఎక్కువమంది కూలీలు పనిచేసే చోటునే చట్టం విడిచిపెట్టడం పొరపాటని చెప్పక తప్పదు.

ఇక రాజీ కాగితం. మామూలు గాయం కేసును బాధితుడు రాజీ చేసుకోవచ్చు, తీవ్ర గాయమైతే కోర్టు అనుమతి కావాలి, ప్రమాదకరమైన ఆయుధంతో కొట్టిన కేసులకు ఆ వెసులుబాటు కూడా మామూలుగా లేదు. అయితే కొట్టినవాడితో కుదిరిన రాజీ యజమాని మీద ఉన్న పరిహారపు హక్కును ముట్టుకోదు. ఆ హక్కును వదులుకుంటున్నానని కూలీ చేత రాయించుకున్న ఒప్పందం చెల్లదని పాత చట్టం 17వ సెక్షను స్పష్టంగా చెప్పింది. మరణించిన సందర్భంలో డబ్బును పరిహారపు కమిషనరు దగ్గరే జమ చేయాలని, భార్య చేతికి నేరుగా ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదని 8వ సెక్షను చెప్పింది. వేలిముద్ర వేసిన స్టాంపు కాగితం చూపించి ‘అంతా అయిపోయింది’ అనేవారి మాటకు చట్టంలో విలువ లేదు.

గోదావరి జిల్లాల నుంచీ, తెలంగాణ నుంచీ గల్ఫ్ వెళ్లినవారికి ఇదే కథ మరో రూపంలో ఎదురవుతుంది. 2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో శిక్షపడిన సిరిసిల్ల ప్రాంతపు అయిదుగురిలో కొందరు 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. మధ్యలో సిరిసిల్ల ఎమ్మెల్యే కె.టి. రామారావు నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబానికి పదిహేను లక్షల రూపాయలు అందించి క్షమాపత్రం తెచ్చినా విడుదలకు మరెన్నో ఏళ్లు పట్టింది. అక్కడి చట్టంలో ‘దియా’ అనే రక్తపరిహారాన్ని చంపినవాడి తరఫువారు చెల్లిస్తారు; ఇక్కడి కార్మిక చట్టం పని ఇచ్చినవాడిని చెల్లించమంటుంది.

ఆ పరిహారం దక్కాలంటే దెబ్బ తగిలినవారి వెంట ఆసుపత్రికి వెళ్లేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఏలూరు ప్రభుత్వాసుపత్రిలో గానీ మరెక్కడ గానీ డాక్టరు మెడికో లీగల్ రిజిస్టరులో రాసుకునేటప్పుడు, మేస్త్రీ నేర్పినట్టు ‘మెట్ల మీద నుంచి పడ్డాడు’ అని చెప్పకుండా, ఏ పనిలో ఉండగా, ఏ విషయం మీద, ఏ పనిముట్టుతో దెబ్బ తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. తర్వాత పోలీసులు తీసుకునే వూండ్ సర్టిఫికెట్టుకూ, పరిహారపు దరఖాస్తుకూ ఆ మొదటి మాటే ఆధారం. పరిహారపు దరఖాస్తును కార్మిక శాఖలో కమిషనరు హోదా ఉన్న అధికారి విచారిస్తారు. న్యాయవాదిని పెట్టుకోలేనివారికి ఏలూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. దరఖాస్తును ప్రమాదం జరిగిన జిల్లాలోనే వేయాలన్న నియమం ఏమీ లేదు. ఏలూరులో భర్తను పోగొట్టుకుని ఇచ్ఛాపురం తిరిగి వెళ్లిపోయిన స్త్రీ శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు.